వీసా రద్దు ప్రాప్తిరస్తు!

పరాయి దేశంలో కాపురం పెట్టిన ప్రతి కుటుంబంలోనూ ఒక్కరికైనా వీసా రద్దు కావాలి. ఉత్త రద్దు కాదండోయ్! ఏదో కాగితం తక్కువై, గడువు దాటిపోయి జరిగే రద్దు ఎందుకూ కొరగాదు. నేరం చేసి, కోర్టులో దోషిగా తేలి, జైలుకెళ్ళి, ఆ తర్వాత రద్దు కావాలి. అప్పుడే పూర్తి ఫలం దక్కుతుంది.

నాకు పిచ్చెక్కిందనుకుంటున్నారా? అనుకోండి. మా అక్క కూడా మొదట్లో అలాగే అనుకుంది. ఇప్పుడు అలా అనుకోవడానికి ఆవిడకి తీరిక లేదు.

అనుభవం లేకుండా నేను దేని గురించీ రాయను. కాఫీ మానేస్తే కలిగే లాభాల గురించి రాసినప్పుడు కూడా ఒక పూట మానేసే రాశాను. ఈ వీసా భాగ్యం మా ఇంటికి మా బావ ద్వారా దక్కింది. బావంటే అక్క మొగుడు. హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ మిషను దగ్గర పని. ఇంట్లో కూడా నాలుగు మూలలూ కలిస్తే గానీ దుప్పటి మడత వదిలేవాడు కాదు. అక్క మడతపెట్టిన దుప్పటిని ఆవిడ చూడనప్పుడు విప్పి, మళ్ళీ మడతపెట్టి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకునేవాడు. వాళ్ళ కాపురంలో అతిపెద్ద తగాదా అదే.

ఒకరోజు ఆ వేడిలో, ఆ ఆవిరిలో సూపర్‌వైజరు బావని ఏదో అన్నాడు. ఏమన్నాడో బావ ఇప్పటికీ చెప్పడు. బావ తోశాడు. ఆయన వెళ్ళి ట్రాలీ మీద పడి, అక్కణ్ణుంచి గచ్చు మీద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. తొయ్యడం తప్పు. మా బావ పత్తిత్తని రుజువు చెయ్యడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. ఆ సంగతి అందరికంటే ముందు ఒప్పుకున్నవాడు బావే.

ప్రభుత్వం ఇచ్చిన లాయరు కూడా "ఒప్పేసుకుంటే తొందరగా తేలిపోతుంది" అన్నాడు. తేలింది. ఏడాది పైచిలుకు జైలు. ఒప్పుకుంటే వీసా ఏమవుతుందని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మనం లాయర్లని ప్రశ్నలడిగే జాతి కాదు కదా! డాక్టరు ముందూ లాయరు ముందూ తల ఊపడమే మనకు చిన్నప్పటినుంచీ నేర్పిన విద్య.

మరి ఈ దేశపు పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు అంటారా? బావ పసివాడిగా ఉన్నప్పుడే వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఇక్కడికొచ్చాడు. ఇక్కడే చదివాడు, ఇక్కడే పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు, ఇక్కడే బట్టతల తెచ్చుకున్నాడు. చేతిలో ఉన్నది శాశ్వత వీసా. శాశ్వతం అని అచ్చేసి ఇచ్చాక నమ్మకపోతే ప్రభుత్వాన్ని అవమానించినట్టు కాదూ? పౌరసత్వం పరీక్ష గురించి అక్క ఎప్పుడు గుర్తుచేసినా "చూద్దాంలే" అనేవాడు. మన ఇళ్ళల్లో "చూద్దాంలే" అంటే ఆ పని అయిపోయినట్టే లెక్క.

సరే, శిక్ష పూర్తయింది. విడుదల రోజు నేనూ అక్కా ఉతికిన చొక్కా పట్టుకుని జైలు గేటు దగ్గరికెళ్ళాం. మాకంటే ముందే ప్రభుత్వం వారి వాను వచ్చి నిలబడి ఉంది. ఏం మర్యాదండీ! ఏ అల్లుడికైనా ఇంత మర్యాద జరిగిందా? ఒక గేటులోంచి బయటికొచ్చిన మనిషిని గాలి సోకనివ్వకుండా ఇంకో గేటులోకి తీసుకుపోయారు. వీసా రద్దయిందట. చొక్కా మా చేతుల్లోనే ఉండిపోయింది.

ఆ రెండో చోటు జైలు కాదు. నిర్బంధ కేంద్రం. తేడా తెలియక నేను నోరు జారితే కౌంటరు దగ్గరి అధికారి ఓపిగ్గా సరిదిద్దాడు. అక్కడ తాళాలున్నాయి, కంచె ఉంది, కాపలా ఉంది. కానీ జైలు కాదు. జైలయితే ఎప్పుడు వదులుతారో చెప్పి తీరాలి. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు!

పైగా ఇది శిక్ష కూడా కాదట. "వీసా హక్కు కాదండీ, అనుమతి. ఇచ్చాం, తీసుకున్నాం. శిక్షంటారా, అది కోర్టు వాళ్ళ పని" అన్నాడాయన. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మా అమ్మ అంది. పాతకాలం మనిషి, ఆవిడకేం తెలుసు? అధికార భాషలో దాన్ని రోకటిపోటు అనరు, పాలనాపరమైన చర్య అంటారు. పేరు మారిస్తే నొప్పి సగం తగ్గుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. ఇంకా చెప్పకపోతే త్వరలో చెప్పాలి.

ఇప్పుడు రెండో రకం మనిషి సంగతి వినండి. జైల్లో బావ పక్క మంచం మీద ఒకడుండేవాడు. ఈ గడ్డ మీదే పుట్టినవాడు. బావ ఒకణ్ణి తోస్తే అతను ఇద్దర్ని చితక్కొట్టాడు. శిక్ష అయ్యాక అతనేం చేశాడు? గేటు బయట బస్సెక్కి ఇంటికి పోయాడు. పాపం, దిక్కులేనివాడు! నీ పెళ్ళాం అంటే నీకు ప్రేముందా, నీ పిల్లలకి నీ అవసరం ఉందా, నువ్వు లేకపోతే వాళ్ళేమవుతారు అని ఒక్క అధికారైనా అడిగాడా? వాను పంపించాడా? మమ్మల్ని మాత్రం ఈ దేశం అలా గాలికొదిలెయ్యలేదు.

అసలు లాభం అప్పీలులో ఉంది. వీసా రద్దుని తిరిగి పరిశీలించమని ట్రిబ్యునల్‌కి అప్పీలు పెట్టుకోవచ్చు. అందుకు మనిషి మంచివాడని పదిమంది చేత చెప్పించాలి. లోకంలో ఎవరి గురించైనా నాలుగు మంచి మాటలు ఎప్పుడంటారు? మనిషి పోయాక! దండ వేశాక! మా బావ బతికుండగా, కూర్చుని, చెవులారా విన్నాడు. ఎదురింటి ముసలాయన తన కుళాయి బాగుచేసింది బావేనని చెప్పాడు. మూలమీది కొట్టువాడు ఎప్పుడూ అరువు అడగని మనిషన్నాడు. అత్తగారు, అంటే మా అమ్మ, అల్లుడు బంగారమని అధికారికంగా, ప్రమాణం చేసి మరీ చెప్పింది. పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట ఆవిడ నోట రప్పించాలని బావ చెయ్యని ప్రయత్నం లేదు. వీసా పోతేగాని రాలేదు.

అందరికంటే ముచ్చట ఏమిటంటే, ఎముక విరిగిన సూపర్‌వైజరు కూడా వచ్చాడు. "తోసింది నిజమే. నేనన్న మాట కూడా మంచిది కాదు. ఆయన్ని నా మిషను దగ్గరికి పంపించెయ్యండి, చాలు. ఆయన పోయాక ఒక్క దుప్పటీ మూలకి మూల కలవడం లేదు" అన్నాడు.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా మావాళ్ళు ఒక పొరపాటు చేశారు. మావాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు. పోనీ, మీవాళ్ళు కూడా చేస్తారేమో చూసుకోండి.

విచారణకి ముందు అప్పీలు లాయరమ్మ మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాఠం చెప్పింది. "మీ కష్టాలు చెప్పాలి. ఆయన్ని పంపించేస్తే మీ కుటుంబం నాశనమైపోతుందని వాళ్ళకి తెలియాలి. సిగ్గుపడకండి. ఎంత చెబితే అంత మంచిది."

"కష్టాలా? పరాయివాళ్ళ ముందా?" అంది అమ్మ.

మా ఇంటి సంగతి మీకు చెప్పాలి. మా ఇంట్లో కష్టమనేది తలుపేసుకుని పడే వస్తువు. నా చిన్నప్పుడు మా నాన్న ఉద్యోగం పోయింది. కొత్తది దొరికేదాకా రోజూ ఇస్త్రీ బట్టలేసుకుని, డబ్బా పట్టుకుని, ఆఫీసు వేళకి బయల్దేరి పార్కులో కూర్చుని వచ్చేవాడు. పక్కింటివాళ్ళకి తెలియకూడదు కదా! అక్కకి ఒళ్ళు కాలిపోయే జ్వరమున్నప్పుడు చుట్టాలొస్తే లేచి టీ పెట్టింది. కాలు విరిగి కట్టుతో ఉన్నవాణ్ణి "బాగున్నావా?" అంటే "బాగున్నాను" అనాలి. లేదంటే పెంపకంలో లోపం. ఇంటి గుట్టు లంకకు చేటు అని మాకు ఉగ్గుపాలతో పోశారు.

ఆ గుట్టు కోసమే బావ జైలుకెళ్ళిన సంగతి మా మేనకోడలికి కూడా చెప్పలేదు. నాలుగో క్లాసు చదువుతోంది. నాన్న వేరే ఊళ్ళో పనికెళ్ళాడని చెప్పాం. రోజూ ఫోన్లో మాట్లాడించేవాళ్ళం. చూడ్డానికి మాత్రం తీసుకెళ్ళలేదు. వేరే ఊళ్ళో పనిచేసే నాన్నకి కంచెలూ కాపలాలూ ఎందుకున్నాయంటే ఏం చెబుతాం?

విచారణ జరిగిన గది చల్లగా ఉంది, గోడకి ఓ పెద్ద పటం వేలాడుతోంది. ట్రిబ్యునల్ పెద్దాయన మంచివాడిలాగే ఉన్నాడు. గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. అక్కని ఎదురుగా కూర్చోబెట్టి, దుబాసీగా ఒక పెద్దావిణ్ణి పక్కన పెట్టారు.

"మీ ఆయన్ని పంపించేస్తే మీరెలా బతుకుతారమ్మా?"

అక్క నిటారుగా కూర్చుంది. మొహాన చిరునవ్వొకటి. "ఏదోలా నెట్టుకొస్తామండి. మాకేం లోటు లేదు. ఎవరి ముందూ చెయ్యి చాచేవాళ్ళం కాదు."

లాయరమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

"పిల్ల ఎలా ఉంది?"

"మా పిల్ల బంగారమండి. ఒక్కరోజూ మారాం చెయ్యలేదు."

"మీ ఆరోగ్యం?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను."

ఆ గుండ్రాయి అంతకు ముందు వారమే బస్‌స్టాపులో కళ్ళు తిరిగి పడిపోయింది. తెల్లారకముందే లేచి ఆఫీసులు తుడిచి, మళ్ళీ సాయంత్రం ఇంకో చోట గిన్నెలు కడిగి, నిద్రనేది మర్చిపోయిన గుండ్రాయి అది. ఎవరో లేపి బెంచీ మీద కూర్చోబెడితే "ఏం లేదండీ, చెప్పు జారింది" అని నడిచి ఇంటికొచ్చింది. దుబాసీ పెద్దావిడ అక్క మాటల్ని పొల్లుపోకుండా అప్పజెబుతూనే, అమ్మా, కాస్త ఏడవకూడదూ అన్నట్టు అక్క కళ్ళల్లోకి చూసింది. అక్క ఏడవలేదు. పదిమందిలో ఏడవడం మాకు రాదు.

తర్వాత బావ వంతు. "మళ్ళీ ఎవరి మీదా చెయ్యి చేసుకోనని గట్టిగా చెప్పగలవా?"

"కోపం బాగా తగ్గించుకున్నానండి. లోపల క్లాసులకి కూడా వెళ్ళాను. కానీ రేపటి సంగతి నేనెలా చెప్పను? మనిషి నోట అంత మాట రాకూడదు."

చూశారా! అవునని ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? కానీ మావాళ్ళు రేపు పొద్దున సూర్యుడు వస్తాడా అన్నా "దేవుడి దయుంటే" అంటారు. అంతకంటే గట్టిగా అంటే దిష్టి తగులుతుందని భయం. ఇక్కడ పెరిగినా బావకి ఆ ఒక్క జబ్బు పోలేదు.

తీర్పొచ్చింది. అప్పీలు కొట్టేశారు.

అయితేనేం, మా కుటుంబానికి ఇంత మంచి సర్టిఫికెట్టు ఏ ప్రభుత్వమూ ఇచ్చి ఉండదు! భార్య మనోధైర్యం గల మహిళ, ఆరోగ్యవంతురాలు, భర్త లేకపోయినా సంసారాన్ని నిర్వహించగలదు అని రాశారు. మళ్ళీ ఎవరి మీదా చెయ్యి చేసుకోనని హామీ ఇవ్వడానికి భర్త నిరాకరించాడని రాశారు. గాయపడిన వ్యక్తి క్షమించడం హర్షణీయమే గానీ, ఇటువంటివారిని దేశంలో ఉంచకూడదని సమాజం ఆశిస్తుందని రాశారు.

ఈ సమాజం ఎక్కడుంటుందండీ? ఎదురింటాయన ఉండనిమ్మన్నాడు. కొట్టువాడు ఉండనిమ్మన్నాడు. ఎముక విరిగినవాడే ఉండనిమ్మన్నాడు. మిగిలిన సమాజం ఏ వీధిలో ఉంటుందో, ఎన్ని గంటలకి ఇంట్లో ఉంటుందో చెబితే వెళ్ళి కలుస్తాను. ఒకవేళ ఆ విచారణ గది గోడ మీద వేలాడే పటంలో ఉంటే అదైనా చెప్పండి.

పిల్ల గురించి ఒక పేరా ఉంది. తండ్రిని చూడ్డానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు గనక బంధం పరిమితమైనదని అందులో ఉంది. తండ్రి దూరమయ్యాక బళ్ళో మార్కులు తగ్గకపోగా పెరిగాయని, క్లాసులో మొదటి స్థానంలో ఉందని, కాబట్టి తండ్రి లేకపోవడం వల్ల చెప్పుకోదగ్గ హాని జరిగినట్టు కనిపించడం లేదని కూడా ఉంది.

మార్కులు పెరిగిన మాట నిజమే. ఎందుకు పెరిగాయో ఎవరూ అడగలేదు, అక్కా చెప్పలేదు. "నాన్న ఎప్పుడొస్తాడమ్మా?" అని పిల్ల రోజూ ప్రాణం తీస్తుంటే, "నువ్వు బాగా చదువుకుంటే తొందరగా వచ్చేస్తాడు" అని అక్క ఒకరోజు అనేసింది. అంతే. మా పిల్ల బొమ్మలు మానేసింది, ఆట మానేసింది, పుస్తకం పట్టింది. క్లాసులో ఫస్టొచ్చిన రోజు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. హాని జరిగినట్టు కనిపించడం లేదంటే లేదు మరి. మేం కనిపించనిస్తే కదా!

ఆ తీర్పు కాగితాలు ఇంట్లో బల్ల మీద ఉన్నాయి. మా అందరికంటే ఈ దేశపు భాష బాగా వచ్చింది మా మేనకోడలికే. చదివేసింది. తన గురించి ఉన్న పేరా ఇంకాస్త జాగ్రత్తగా చదివినట్టుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. మా ఇంటి పిల్ల కదా, గుట్టు దానికీ అబ్బింది.

కిందటి వారం బడినుంచి పిలుపొచ్చింది. అక్క పనిలో ఉంటే నేను వెళ్ళాను. టీచరమ్మ లెక్కల పరీక్ష కాగితం నా ముందు పెట్టింది. పైన పేరుంది, ముత్యాల్లాంటి అక్షరాలు. కిందంతా తెలుపు. సైన్సు కాగితమూ అంతే.

"ఇంట్లో అంతా బాగానే ఉందాండీ?" అని అడిగింది టీచరమ్మ.

బాగానే ఉందనే మాట అలవాటుకొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. లేదండీ, ఏమీ బాగాలేదన్నాను. మా వంశంలో పరాయివాళ్ళ ముందు ఆ మాట అన్న మొదటివాణ్ణి నేనే.

వరండాలో పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "మావయ్యా, నాకు ఆ లెక్కలన్నీ వచ్చు. కావాలనే రాయలేదు. ఇప్పుడు నాన్నని ఇక్కడే ఉంచుతారు కదా?"

నాకు దుఃఖం ఆగలేదు. బడి వరండాలో, అందరి పిల్లలూ చూస్తుండగా ఏడ్చాను. పిల్లే నా వీపు నిమిరింది.

వెంటనే లాయరమ్మకి ఫోన్ చేశాను. హాని దొరికిందండీ, కాగితం మీద ఉందండీ అన్నాను. ఆవిడ సంగతి విడమరిచి చెప్పింది. ఇక మిగిలింది పై కోర్టేనట. అక్కడ చట్టం ప్రకారం జరిగిందా లేదా అన్నదే చూస్తారట, కొత్త సాక్ష్యాలు తీసుకోరట. అక్క ఏడిస్తే అప్పుడే ఏడవాల్సింది. పిల్ల ఫెయిలైతే అప్పుడే ఫెయిలవ్వాల్సింది.

కనక పాఠకులారా, నా మాట విని ఇప్పట్నుంచే సాధన మొదలుపెట్టండి. బాగున్నారా అంటే బాగాలేమని చెప్పండి. పదిమందిలో ఏడవడం నేర్చుకోండి. పిల్లలు బాగా చదువుతుంటే ఓ కంట కనిపెట్టండి, రేపెప్పుడైనా వాళ్ళ నాన్నకి ముప్పు రావచ్చు.

ఇక అధికారులకి ఒక్క మనవి. మీ వ్యవస్థని ఇంతసేపూ నోరారా పొగిడాను, ఆ చొరవతో అడుగుతున్నాను. తప్పు చేసినవాడు శిక్ష అనుభవించి వచ్చాడు. మీరిప్పుడు వేస్తున్న శిక్ష ఎవరికండీ? హాని ఎక్కడుందో చూపించమన్నారు. మా పిల్లకి లెక్కల్లో సున్నా వచ్చింది, సైన్సులో సున్నా వచ్చింది. ఇది సరిపోతుందా? సరిపోకపోతే మాత్రం మేం చెయ్యగలిగింది లేదు. సున్నాకంటే తక్కువ వెయ్యడం కుదరదని టీచరమ్మ అంటోంది.